నల్లదీపం కింద తెల్లపంచె

మన సంఘం ప్రత్యేక సంచికకు ప్రాంతీయ చరిత్ర మీద ఏదైనా వ్యాసం పంపమని కార్యదర్శిగారు కోరినప్పుడు, 1611లో ఇంగ్లీషువారు బందరులో వర్తకస్థావరం పెట్టుకున్న వైనం రాద్దామని నాలుగు కాగితాలు సిద్ధం చేసుకున్నాను. అవి అలాగే ఫైల్లో ఉన్నాయి. ఈలోగా గుడివాడలో మా తమ్ముడి మనవరాలి పెళ్ళికి వెళ్ళవలసి వచ్చింది. అక్కడ ఒక రాత్రి చూసిన వింత నన్ను పట్టుకుని వదలలేదు. వింత అన్నాను గాని, విచారించిన కొద్దీ అది మన ఇళ్ళలో, మన ఆఫీసుల్లో ఎప్పుడూ ఉన్నదే అని తేలింది. అందులో నా ఉద్యోగ జీవితానికి సంబంధించిన ముక్క కూడా ఒకటి ఉంది. దాన్ని చివరికి ఉంచుతాను.

పెళ్ళికి ముందురోజు రాత్రి సంగీత్ అనే తంతు. మన రోజుల్లో లేదు. ఫంక్షన్ హాలులో లైట్లన్నీ ఒక్కసారిగా ఆర్పేశారు. కరెంటు పోయిందనుకుని నేను అలవాటు ప్రకారం జేబులో టార్చి కోసం తడుముకున్నాను. ఇంతలో గోడల వెంట మసక ఊదారంగులో కొన్ని దీపాలు వెలిగాయి. వాటి వెలుతురులో ఎదుటి మనిషి ముఖం కూడా సరిగా కనబడదు. కాని గోడలకు కట్టిన దారాలు, కాగితపు పూలు, నేల మీద వేసిన ముగ్గు మాత్రం నిప్పుల్లా మండుతున్నాయి. ఆకుపచ్చ, నారింజ, గులాబీ రంగులు. బల్లల మీద గ్లాసులు వాటంతట అవే వెలుగుతున్నాయి. కొన్ని గ్లాసుల్లో పోసిన పానీయం లేత నీలంగా, దీపం ముట్టించిన సీసాలాగా ఉంది.

పిల్లలంతా మా ముసలివాళ్ళ వరస వైపు చూసి నవ్వడం మొదలుపెట్టారు. కారణం ఏమిటంటే, హాలు మొత్తానికి ఎక్కువగా వెలుగుతున్నవి మా తెల్లపంచెలే. వేలు పోసి కట్టిన అలంకరణ కంటే మా ఆవిడ ఉతికిన పంచె నాలుగింతలు మెరిసింది. నవ్విన వాళ్ళ పళ్ళు కూడా తెల్లగా వెలిగాయి. నేను కూడా నవ్వాను గాని నావి వెలగలేదు. కట్టుడుపళ్ళు అని ఊరందరికీ ప్రకటించినట్లయింది. పెళ్ళికూతురు ఒంటిమీద బంగారం మాత్రం చీకట్లో కలిసిపోయింది. ఆమె చేతికి సరదాగా వేసుకున్న ప్లాస్టిక్ గాజులు ధగధగలాడాయి. చిలకలపూడి రోల్డుగోల్డైనా మేలిమి బంగారమైనా ఈ దీపం దగ్గర ఒకటేనని బందరువాణ్ణి కనుక నాకు కొంత సంతోషం కలిగింది.

ఇదంతా రేడియం అని నా పక్కనున్న బావగారు తీర్మానించారు. మనకి చీకట్లో మెరిసేదంతా రేడియమే. సైకిలు వెనక స్టిక్కరు రేడియం, ఆటో వెనక రాయించిన దేవుడి పేరు రేడియం. మా అబ్బాయి కూతురు డిగ్రీలో భౌతికశాస్త్రం చదువుతోంది. అది ఈ మాట విని మా ఇద్దరి మధ్యా కూర్చుని, "రేడియం కాదు తాతయ్యా, దీన్ని ప్రతిదీప్తి అంటారు" అని పాఠం మొదలుపెట్టింది. ఆ పాఠమూ, తరవాత నేను లైబ్రరీ నుంచీ దాని పుస్తకాల నుంచీ ఏరుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఎండలో మన కంటికి కనబడే ఏడు రంగులు కాక, ఊదారంగుకి అవతల కనబడని కిరణాలున్నాయని 1801లో జర్మనీలో రిట్టర్ అనే ఆయన కనిపెట్టాడు. వీటినే అతినీలలోహిత కిరణాలంటారు. కొన్ని పదార్థాలు ఈ కనబడని కిరణాన్ని తాగి, కనబడే వెలుతురుగా తిరిగి కక్కుతాయి. ఆ దీపం ఉన్నంతసేపే వెలుగుతాయి. దీపం ఆరితే అవీ ఆరిపోతాయి. పూర్వం గడియారాల ముళ్ళకు పూసిన రేడియం రంగు అలా కాదు, పగలూ రాత్రీ దానంతట అదే వెలుగుతుంది. 1917 నుంచీ అమెరికాలో ఆ రంగు పూసే ఆడపిల్లలు కుంచె మొన సన్నం చేయడానికి పెదవులతో తడుపుకునేవారు. ఎముకలు పుచ్చి ఎంతోమంది చనిపోయారు. గుడివాడ హాలులో ఉన్నది ఆ జాతి వస్తువు కాదని తెలిశాక బావగారు ధైర్యంగా ఒక గ్లాసు అందుకున్నారు.

ఆ గ్లాసులో నీలంగా వెలుగుతున్నది టానిక్ వాటర్ అనే చేదు సోడా. ఏముందే ఇందులో అని అడిగితే మనవరాలు చెప్పిన మాట విని నేను ఉలిక్కిపడ్డాను. కొయినా!

ఈ తరం వాళ్ళకి కొయినా అంటే తెలియదు. చలిజ్వరానికి మందు. నేను పుట్టింది దివిసీమలో, కాలవగట్టు మీది ఊళ్ళో. వానాకాలం వెళ్ళేసరికి ఇంటికొకరు దుప్పటి ముసుగేసి వణికేవారు. కొయినా మాత్ర నాలుక మీద పెడితే ఆ చేదు మర్నాటి దాకా పోయేది కాదు. బెల్లం ముక్క కోసం ఏడ్చిన జ్ఞాపకం నాకు లీలగా ఉంది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, డీడీటీ కొట్టేవాళ్ళు వచ్చి ప్రతి ఇంటి గోడ మీదా తేదీ వేసి వెళ్ళేవారు. ఆ జ్వరం దోమ వల్ల వస్తుందని తేలింది మన తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పురుగుని చూశాడు.

ఆ కొయినా ద్రావణం ఎండలో పెడితే పైపొర మీద ఒక నీలపు మెరుపు కనబడుతోందని 1845లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ రాశాడు. ఎందుకో ఆయనకి అంతుపట్టలేదు. 1852లో స్టోక్స్ అనే పండితుడు గుట్టు విప్పాడు. ఆయన సామగ్రి చూస్తే మనకి ముచ్చటేస్తుంది. చర్చి కిటికీకి వాడే నీలం గాజు పలక ఒకటి, పసుపు వన్నె ద్రాక్షసారా గ్లాసు ఒకటి. ఎండని నీలం గాజు గుండా కొయినా మీద పడనిచ్చి, ద్రాక్షసారా గుండా చూశాడు. లోపలికి పోయిన కిరణం ఒకటి, బయటికి వచ్చిన వెలుతురు వేరొకటి అని రుజువు చేశాడు. ప్రతిదీప్తికి ఇంగ్లీషు పేరు పెట్టింది కూడా ఆయనే. అంటే గ్లాసు, పానీయం, వింత వెలుగు, ఈ మూడూ కలిసిన మొదటి పార్టీ స్టోక్స్ గదిలోనే జరిగిందన్నమాట, ఒక్కడే అతిథి.

ఇక ఆ మసక దీపం సంగతి. అమెరికాలో రాబర్ట్ వుడ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు 1903లో ఒక వడపోత తయారుచేశాడు. కనబడే వెలుతురుని ఆపి అతినీలలోహితాన్ని మాత్రం వదలడం దాని పని. తరవాత అదే పని నికెల్ ఆక్సైడు కలిపిన నల్లటి గాజుతో చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుకి కనబడకుండా సైగలు చేసుకోవడానికి ఇది పనికివచ్చింది. 1925 నుంచీ చర్మవైద్యులు తలలో తామర పట్టుకోవడానికి వాడుతున్నారు. దీన్నే వాళ్ళు బ్లాక్ లైట్, అంటే నల్లదీపం అంటారు. వెలుతురు ఇవ్వని దీపానికి అంతకంటే తగిన పేరు లేదు.

మన సభ్యులకి ఇంకా దగ్గరి ఉదాహరణ చెబుతాను. ముప్ఫై అయిదేళ్ళు మనమంతా ట్యూబులైటు కింద కూర్చుని ఫైళ్ళు రాశాం. ఆ ట్యూబులో ఉన్నది పాదరసపు ఆవిరి. దానిలో కరెంటు పారితే వచ్చేది ఎక్కువభాగం కనబడని అతినీలలోహితమే. గాజు లోపలివైపు పూసిన తెల్లపొడి దాన్ని తాగి తెల్లటి వెలుతురుగా మారుస్తుంది. ట్యూబు పగిలినప్పుడు చేతికంటేది ఆ పొడే. పొడి మార్చి, పైన నల్లగాజు వేస్తే అదే ట్యూబు నల్లదీపమవుతుంది. అంటే ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మనం ఆ పార్టీలోనే ఉన్నాం, ఎవరూ చెప్పలేదంతే.

మరి ట్యూబులైటుకి ముందు? మా చిన్నప్పుడు దివిలో పెళ్ళంటే గ్యాసులైట్లు. పెట్రోమాక్సు అనేది ఒక బెర్లిన్ కంపెనీవారి మార్కు పేరు. మనకది వస్తువు పేరైపోయింది. అవనిగడ్డ నుంచో చల్లపల్లి నుంచో అద్దెకి తెచ్చేవారు. ఊరేగింపులో కూలివాళ్ళు నెత్తిన పెట్టుకుని రెండు వరసలుగా నడిచేవారు. గాలి కొట్టి, స్పిరిట్ పోసి ముట్టిస్తే, గుడ్డతిత్తి కాలి బూడిద గూడై, తెల్లగా ప్రజ్వలించేది. చిటికెన వేలు తగిలితే రాలిపోయేది. అప్పుడు లైటువాడు ఎంత తిట్టేవాడో అంత తిట్టేవాడు. ఆ తిత్తిని ఆస్ట్రియావాడైన వెల్స్‌బాక్ కనిపెట్టాడు. 1891 నాటికి అందులో నూటికి 99 పాళ్ళు థోరియం ఆక్సైడు, ఒక పాలు సీరియం ఆక్సైడు అనే లెక్కకి వచ్చాడు. ఆ థోరియం మోనజైటు ఇసకలో దొరుకుతుంది. తిరువాన్కూరు తీరంలో ఆ ఇసక ఉందని 1909లో ఒక జర్మనీవాడు కనిపెట్టాక మన దేశపు ఇసక ఓడల మీద వెళ్ళి తిత్తులై తిరిగొచ్చింది. మన భీమునిపట్నం ఇసకలో కూడా మోనజైటు ఉంది. థోరియానికి కూడా రేడియం లాంటి గుణం కొంచెం ఉన్నదని తెలిసి, తరవాతి కాలంలో చాలా కంపెనీలు వేరే పదార్థానికి మారాయి.

గ్యాసులైటంటే పెళ్ళిళ్ళే కాదు, నాకు 1977 కూడా గుర్తుకొస్తుంది. నవంబరు 19 ఉప్పెన తరవాత నన్ను దివిసీమకి రిలీఫ్ డ్యూటీ మీద పంపారు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. స్తంభాలన్నీ పడిపోయాయి. రాత్రిళ్ళు ఒక పెట్రోమాక్సు చుట్టూ కూర్చుని బతికినవాళ్ళ జాబితా, పోయినవాళ్ళ జాబితా రాసేవాళ్ళం. పదివేలమందికి పైగా పోయారు. ఆ తెల్లని వెలుతురులో తాటాకు చాప మీద కాగితం పెట్టుకుని పేర్లు రాసిన చేయి ఇది. అంతకంటే ఇక్కడ రాయను.

గాజు సామాను మాట. వెలిగే గాజు ఈనాటిది కాదు. 1789లో యురేనియం కనిపెట్టిన కొన్ని దశాబ్దాలకే, 1830లలో, బొహీమియాలో రీడెల్ అనే గాజు వ్యాపారి అది కలిపిన పసుపుపచ్చ, ఆకుపచ్చ గాజు సామాను చేయించి అమ్మాడు. పగటిపూట అది లేత పసుపురంగు గాజులాగే ఉంటుంది. నల్లదీపం కింద పెడితే లేతచిగురు రంగులో భగ్గుమంటుంది. ఇందులో యురేనియం సాధారణంగా నూటికి రెండు పాళ్ళ లోపే. మా అమ్మ పెట్టెలో పసుపు గాజుగిన్నె ఒకటి ఉండేది. పండక్కి తలంటు పోసేటప్పుడు అందులో కొబ్బరినూనె పోసేది. పెళ్ళి నుంచి తిరిగొచ్చాక మనవరాలి చేతిలోని చిన్న నల్లటార్చి ఆ గిన్నె మీద వేశాం. ఆకుపచ్చగా వెలిగింది. మాంగనీసు కలిపిన గాజు కూడా కొంచెం వెలుగుతుందట గాని ఇంత ప్రకాశంగా కాదు. బొహీమియా నుంచి మా ఊరికి ఏ దారిని వచ్చిందో, ఏ తిరనాళ్ళలో కొన్నదో చెప్పడానికి అమ్మ లేదు. అలమారులో అలాగే పెట్టాం. అందులో ఎవరూ ఏమీ తినవద్దని మా ఆవిడ ఆజ్ఞ.

ఈ రోజుల్లో పార్టీలకి వాడేవి అలాంటి గాజు కాదు. ప్లాస్టిక్ గ్లాసుల్లో వెలిగే రంగు కలుపుతారు. ఆ రంగుల కథ కూడా చెప్పుకోదగ్గదే. 1930లలో అమెరికాలో బర్కిలీ పట్టణంలో రాబర్ట్ స్విట్జర్ అనే కుర్రాడికి రైల్వే యార్డులో దెబ్బ తగిలి చూపు మందగించింది. డాక్టరు చీకటిగదిలో ఉండమన్నాడు. అన్నదమ్ములిద్దరూ నల్లదీపం ఒకటి పట్టుకుని తండ్రిగారి మందుల దుకాణంలో ఏ సీసా వెలుగుతుందా అని వెతికారు. తమ్ముడు జో ఇంద్రజాలం చేసేవాడు. దొరికిన రంగుల్ని మొదట తన ప్రదర్శనల్లో వాడుకున్నాడు. ఆ తరవాత అవి సినిమా ప్రకటనలకీ, రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకి సైగలు చేసే గుడ్డలకీ, ఆఖరికి రోడ్డు పనివాళ్ళ నారింజ చొక్కాలకీ వచ్చాయి. 1960లలో అమెరికా కుర్రకారు గోడబొమ్మలకీ నాట్యశాలలకీ ఎక్కించారు. గుడివాడకి రావడానికి మరికొంత కాలం పట్టింది.

ఇక మా పంచెల సంగతికి వస్తాను. పూర్వం చాకలి చౌడుమట్టిలో నానబెట్టి, బాన మీద ఉడకబెట్టి, నీలిమందు పెట్టేవాడు. నీలిమందు గుడ్డలోని పసుపు వన్నెని కప్పుతుంది గాని కొత్తగా వెలుతురు ఇవ్వదు. 1929లో క్రైస్ అనే జర్మనీవాడు ఒక చెట్టు బెరడు రసంలో ముంచిన గుడ్డ ఎండలో మరీ తెల్లగా కనబడుతోందని చూపించాడు. అది ఎండలోని అతినీలలోహితాన్ని తాగి నీలపు వెలుతురు ఇస్తోంది. అటువంటి పదార్థాలు తరవాత కారఖానాల్లో తయారై సబ్బుపొడుల్లో చేరాయి. మన కాలంలో టినోపాల్ గుర్తుందా? ఆఖరి జాడింపులో చిటికెడు వేస్తే చొక్కా తళతళలాడేది. ఇంటర్వ్యూకి వెళ్ళినరోజు నా చొక్కాకి మా అక్కయ్య రెండు చిటికెలు వేసింది. సర్ఫు 1959లో వచ్చింది. మనం తెలుపు అనుకున్నది సగం ప్రతిదీప్తే. పాతగుడ్డా కొత్తగుడ్డా అని తేల్చడానికి మ్యూజియంవారు నల్లదీపం వాడతారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నేసిన గుడ్డ, మన బందరు కలంకారీ అయినా సరే, ఇలా తెల్లగా వెలగకూడదు. వెలిగితే అనుమానించాలి. అయితే ఎవరైనా దాన్ని సబ్బుపొడితో ఒక్కసారి ఉతికినా వెలుగుతుంది! ఈ మాట మనసులో ఉంచుకోమని పాఠకులకి మనవి.

ఇటువంటి పొరపాటే మా ఇంట్లో ఆ రాత్రే జరిగింది. మా ఆవిడ ఏడురాళ్ళ దుద్దుల్లో ఒక్కోదాంట్లో రెండేసి రాళ్ళు నీలంగా వెలిగాయి, తక్కినవి వెలగలేదు. కంసాలి రాళ్ళు మార్చేశాడని ఆవిడ అప్పుడే ఆయన మూడు తరాలనీ తలుచుకుంది. నిజానికి అసలు వజ్రాల్లోనే కొన్ని వెలుగుతాయి, కొన్ని వెలగవు, ఎక్కువభాగం వెలగవు. వెలగడం వల్ల అసలని గాని నకిలీ అని గాని తేలదు. మనవరాలు ఇది వివరించేదాకా ఆవిడకి అన్నం సయించలేదు.

ఇంట్లో సరదాగా చూడదలచినవారికి ఇంకొకటి. పసుపు చిటికెడు కొబ్బరినూనెలో కలిపి నల్లటార్చి వేసి చూడండి, పచ్చగా వెలుగుతుంది. శుభకార్యానికి వెలిగే అలంకరణ మన వంటింట్లోనే ఉంది.

అయితే పిల్లలకి ఒక జాగ్రత్త చెప్పాలి. కరోనా రోజుల్లో గదుల్లో క్రిములు చంపడానికంటూ అతినీలలోహిత దీపాలు విరివిగా అమ్మారు. అవి వేరే జాతి. నల్లగాజు ఉండదు, వాటి కిరణం కన్నునీ చర్మాన్నీ కాలుస్తుంది. తెలియక అలంకరణకి అవి బిగిస్తే ప్రమాదం. 2023 నవంబరులో హాంకాంగులో ఒక వేడుకకి వెళ్ళినవాళ్ళు మర్నాటికి కళ్ళు మంటలతో ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి అతినీలలోహిత దీపాలే కారణమని నిర్వాహకుల విచారణలో తేలింది. లైటింగువాడిని ఏ దీపం తెచ్చావని అడగడంలో నామోషీ లేదు. మామూలు నల్లదీపాన్ని కూడా దగ్గరగా తేరిపార చూడకూడదు.

ఇప్పుడు నేను ఆఖరికి ఉంచిన ముక్క.

ఆ రాత్రి నాట్యం చేస్తున్న పిల్లలకి ఏదైనా ఇద్దామని లాల్చీ జేబులోంచి రెండు 500 రూపాయల నోట్లు తీశాను. నల్లదీపం కింద ఒక నోటు మామూలుగా చీకటిగా ఉంది. నంబరు అంకెలు, కాగితంలో అక్కడక్కడా వెంట్రుకల్లాంటి పోగులు మాత్రం వెలుగుతున్నాయి. రెండో నోటు కాగితమంతా నా పంచెలాగే నీలంగా వెలిగింది. నా గుండె ఝల్లుమంది. దొంగనోటు! ఎవడు అంటగట్టాడా అని ఆలోచిస్తుంటే మా ఆవిడ తాపీగా, "అది మొన్న జేబులో చూసుకోకుండా సబ్బుపొడిలో నానేశాను, ఇస్త్రీ చేసి పెట్టాను" అంది.

నోట్ల కాగితం పత్తితో చేస్తారు. అందులో తెలుపునిచ్చే మందు కలపరు. అందుకని అసలు నోటు నల్లదీపం కింద చీకటిగా ఉంటుంది, బజారు కాగితం మీద అచ్చేసిన దొంగనోటు వెలుగుతుంది. 1996లో మహాత్మాగాంధీ బొమ్మతో కొత్త వరస నోట్లు వచ్చినప్పటి నుంచి నంబర్లకి వెలిగే సిరా వాడారు, వెలిగే పోగులు కలిపారు. 500 రూపాయల నోటు ఆ వరసలో 1997లో వచ్చింది. ఆ తరవాతే బ్యాంకు కౌంటర్ల మీద నల్లదీపం పెట్టెలు మనకి తరచు కనబడసాగాయి.

2001లో నేను ఒక ఆఫీసులో క్యాష్ చూసేవాణ్ణి. ఆఫీసు పేరు అనవసరం. నాగాయలంక వైపు నుంచి ఒకామె పాత బకాయి కట్టడానికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. కొంగుముడి విప్పి రెండు 500 నోట్లూ, చిల్లరా ఇచ్చింది. నోట్లు తడిగా, మెత్తబడి ఉన్నాయి. చీరతోపాటే తడిశాయి కాబోలు, నేనే వాటిని పేపరువెయిటు కింద పెట్టి ఫ్యాను గాలికి ఆరబెట్టాను. ఆ రోజుల్లో పద్ధతి ప్రకారం 500 నోట్ల నంబర్లు చలానా వెనక రాసుకున్నాను, ఎదురుగా ఆమె పేరు.

మర్నాడు సొమ్ము బ్యాంకులో కట్టడానికి బంట్రోతుతో నేనూ వెళ్ళాను. అక్కడి క్యాషియరు ఒక నోటుని దీపం కింద పెట్టి నాకు చూపించాడు. నీలంగా వెలుగుతోంది. దాని మీద నకిలీ అని ముద్ర కొట్టి, రసీదు చేతికిచ్చి, నోటు ఉంచేసుకున్నారు. నియమం అదే, తిరిగివ్వరు. ఆయన కాగితం తడిమి చూశాడో, గాంధీగారి నీడబొమ్మ వెలుతురుకి పెట్టి చూశాడో నేను గమనించలేదు. అంకెలు వెలిగాయో లేదో కూడా చూడలేదు. వెలగాలని నాకు తెలియదు.

పై అధికారి నన్ను పిలిచి, ఇచ్చినవాళ్ళ దగ్గర వసూలు చేస్తారా, మీరే కడతారా అన్నారు. ఇంకొక పూట ఆలస్యమైతే సంజాయిషీ తాఖీదు వచ్చేది. నేను 500 కట్టేసి, ఆమెకి కబురు పెట్టాను. పది రోజుల తరవాత వచ్చింది. మూడు గంటల బస్సు ప్రయాణం. రసీదు చూపించాను. చదువు రాదు. "రొయ్యలకిచ్చిన డబ్బు బాబూ, నేనెక్కడ అచ్చేస్తాను" అంది. ఇంకేమీ అనలేదు. కొంగులోంచి అయిదు వందనోట్లు తీసి బల్ల మీద పెట్టింది. ఆ 500కి రసీదు ఇవ్వడానికి ఏ పద్దూ లేదు, ఇవ్వలేదు. వెళ్ళేటప్పుడు నేను ఆమెతో, "ఈసారి నోటు తీసుకునేముందు జాగ్రత్తగా చూసుకోమ్మా" అన్నాను. ఆమె తల ఊపింది. నాలుగు మాటలు మంచిగా చెప్పి పంపాననే తృప్తి కూడా నాకు ఆ రోజు ఉంది.

అది నిజంగా దొంగనోటే అయివుండవచ్చు. ఆ రోజుల్లో దొంగనోట్లు తిరిగేవి, క్యాషియరు అనుభవజ్ఞుడు, నాకు తెలియని ఆనవాళ్ళు ఆయన చూసివుండవచ్చు. కాని తడిసిన నోటుని చేతులారా ఆరబెట్టినవాణ్ణి నేను. ఆ తడి ఎక్కడిదని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

బందరు తిరిగొచ్చాక రెండు నోట్లు తీసుకుని, ఒకటి ఉత్త నీళ్ళలోనూ, ఒకటి సబ్బుపొడి నీళ్ళలోనూ చెంబుల్లో నానబెట్టాను. మా ఆవిడ మతిపోయిందా అంది. ఆరాక మనవరాలి టార్చి వేశాం. ఉత్త నీళ్ళది చీకటిగానే ఉంది. సబ్బుపొడిది మొత్తం వెలిగింది. దాని నంబరు అంకెలు ఆ నీలంలో కూడా విడిగా కనబడుతున్నాయి.

నా పాత డైరీలు వెతికితే 2001 నాటిది దొరికింది. ఆమె పేరూ ఊరూ అందులో ఉన్నాయి. అవనిగడ్డ శాఖలో ఉన్న మన సభ్యులొకరిని ఆ ఊరు వెళ్ళినప్పుడు వాకబు చేయమని కోరాను. ఆమె ఉంటే డెబ్భై అయిదు దాటి ఉంటాయి. ఆయన దగ్గర నుంచి ఇంకా కబురు రాలేదు. ఒక 500 రూపాయల నోటు కవరులో పెట్టి బీరువాలో ఉంచాను. ఉతకని నోటే పెట్టాను.